మా మామ ట్రాక్టర్ బీడీ మానిన చలికాలం

ఆ రోజుల్లో చలికాలం పొద్దున ట్రాక్టర్ స్టార్ట్ కావడం ఒక ఇంటి సంగతి కాదు, వాడకట్టు మొత్తం సంగతి. ఇప్పటి బండ్లు తాళం తిప్పగానే గుర్రుమంటాయి. అందులో నడిపేవాడికీ గొప్ప లేదు, వినేవాడికీ విశేషం లేదు. అప్పట్లో ఎవరి బండి ఎన్నో ప్రయత్నానికి లేచిందో వేపపుల్ల నములుతూనే జనం చెప్పుకునేవారు. ఒకాయన ఇంజన్ మీద వేడినీళ్లు పోసేవాడు. ఇంకొకాయన రాత్రే బండిని దిగుడులో నిలిపి, పొద్దున పదిమందిని పిలిచి నెట్టించుకునేవాడు. మా మేనమామ పద్ధతి మాత్రం వేరు. ఆయన తన ట్రాక్టర్‌కు బీడీ తాగించేవాడు.

(నవ్వకండి. డిప్లొమా చదివినవాణ్ని, ఉన్నదే చెబుతున్నాను.) మామ ఊరు వరంగల్ నుంచి మరిపెడ వెళ్లే దారిలో ఉంటుంది. ఆయన దగ్గర ఉన్నది రెండు సిలిండర్ల పాత డీజిల్ ట్రాక్టర్. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, బండి మాత్రం నాలుగు చేతులు మారి మామ దగ్గరికొచ్చి స్థిరపడింది. దాని ఇంజన్ తల మీద ఒక్కో సిలిండర్‌కు ఒక్కో చిన్న రంధ్రం, దానికి ఇత్తడి పిడి ఉన్న మర ఉండేవి. చలికి బండి మొరాయిస్తే ఆ మర విప్పి, దాని కొనకు మందు రాసిన కాగితపు వత్తి గుచ్చి, నిప్పంటించి మళ్లీ బిగించాలి. లోపల ఆ నిప్పు కణానికి డీజిల్ అంటుకుని ఇంజన్ లేస్తుంది. ఆ వత్తులు దొరకడం ఆగిపోయాక మామ వెతికి వెతికి కనిపెట్టిన సత్యం ఏమిటంటే, ఆ రంధ్రానికి బీడీ కొలిచి చేసినట్టు సరిపోతుంది.

అయితే బీడీ తనంతట తాను రాజుకోదు. ఎవరో ఒకరు నాలుగు దమ్ములు గట్టిగా లాగి కొన ఎర్రగా చేయాలి. రెండు సిలిండర్లకు రెండు బీడీలు, ఆ రెండింటినీ రాజేసిన శ్రమకు తనకొకటి. ఇంజన్ ఒకసారి వేడెక్కాక మళ్లీ వత్తి అవసరం లేదని నాకు తెలుసు, మామకూ తెలుసు. అయినా ప్రతి గట్టు దగ్గరా బండి ఆపేసి, ‘డీజిల్ దండుగెందుకు’ అని మళ్లీ మొదటినుంచి పూజ మొదలుపెట్టేవాడు. సాయంత్రానికి కట్ట ఖాళీ అయ్యేది. ఎవరైనా అడిగితే ఒకటే జవాబు. “నేనెక్కడ తాగుతాన్న? బండికి తాపుతాన్న.”

ఒక ఏడాది వానాకాలం నుంచి మామకు దగ్గు పట్టుకుంది. హన్మకొండలో దవాఖానకు తీసుకుపోతే డాక్టర్ ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి, బీడీ మానితే సరి, లేకపోతే నాలుగడుగులు వేయడానికి కూడా ఊపిరి అందని రోజు దగ్గర్లోనే ఉందని చెప్పాడు. ఆ మాటను మామ గడప దాటగానే మరిచిపోయాడు. పక్కనే నిలబడి విన్న మా అత్తమ్మ మాత్రం మరిచిపోలేదు. ఆమె బీడీ కట్టలను బియ్యం డబ్బాలో దాచింది, నీళ్లలో తడిపింది, ఒకసారి బర్రె ముందు వేస్తే అది వాసన చూసి మొహం తిప్పుకుంది. ఎన్ని చేసినా మామ దగ్గర తిరుగులేని సాకు ఒకటుండేది. బండి లేవకుంటే దుక్కి ఎట్ల?

నేను అప్పుడే పాలిటెక్నిక్ నుంచి బయటపడి, వరంగల్‌లో ఒక లేత్ మెషిన్ షాపులో పని నేర్చుకుంటున్నాను. పని నేర్చుకుంటున్నానని మా ఉస్తాద్ అనుకునేవాడు, నేను మాత్రం ఆ షాపును ఉద్ధరిస్తున్నానని అనుకునేవాణ్ని. ఒక ఆదివారం మామ ఊరికి వెళితే అత్తమ్మ పళ్లెంలో సర్వపిండి పెట్టి, నేను మొదటి ముక్క తుంచేలోపే అసలు సంగతికి వచ్చింది.

“అల్లుడా, గన్నేండ్లు సదివితివి. ఆ బండి బీడీ లేకుంట లేసేటట్టు చెయ్యరాదా?”

“ఎందుకు రాదు అత్తమ్మా, గ్లో ప్లగ్గులు పెడితే అయిపోతది.”

“గదేందో నాకు తెల్వదు. బండి బీడీ మానాలె. బండి మానితే ఈయనకు సాకు లేకుంట పోతది. ఈయన దగ్గుతాంటే నాకు రాత్రి నిద్ర పడ్తలేదు బిడ్డా. దగ్గినా భయమే, దగ్గు ఆగినా భయమే.”

ఆ మాటతో సర్వపిండి పళ్లెం పక్కన పెట్టి లేచాను. అక్కడికక్కడే మామ దగ్గరికి వెళ్లి, ఉపన్యాసం మొదలుపెట్టాను. గ్లో ప్లగ్గు అంటే మరేమీ కాదు, బ్యాటరీ కరెంటుతో ఎర్రబడే చిన్న తీగ, వత్తి చేసే పనే అదీ చేస్తుంది, అగ్గిపెట్టె అక్కర్లేదు, అని అరచేతిలో బొమ్మ గీసి మరీ చెప్పాను. మామ అంతా విని, బీడీ బూడిద దులిపి, “అంటే ఇంజన్ల కరెంటు పొయ్యి పెడ్తానంటవ్” అన్నాడు. “లేస్తదా?” “లేవకుంటే నా పేరు మార్చుకుంట మామా.” ఆ పౌరుషానికి ఆయనకూ పౌరుషం వచ్చింది. బానెట్ మీద అరచెయ్యి పెట్టి, అత్తమ్మ వింటుండగా ఒట్టు వేశాడు. “నీ ప్లగ్గులతోని బండి వరుసగ వారం రోజులు లేస్తే, ఆనాటి నుంచి నేను బీడీ ముట్ట. అల్లుని మీద ఒట్టు.” (నా మీద ఒట్టు వేసేముందు నన్నొక మాట అడిగి ఉండాల్సింది. అయినా మామలకు అల్లుళ్లను అడిగే అలవాటు ఎక్కడుంది?)

ఆ తర్వాతి రెండు వారాలు నేను నిద్రలో కూడా మరలు బిగించాను. ఆ పాత రంధ్రానికి ఉన్న మర ఒక కొలత, బజారులో దొరికే ప్లగ్గు మర ఇంకొక కొలత. మధ్యలో పెట్టడానికి ఇత్తడి బుష్‌లు లేత్ మీద తీశాను. మొదటి జత వదులైంది, రెండో జత బిగిసి రంధ్రంలోనే ఇరుక్కుని సగం రోజు తిన్నది, మూడో జత అద్దినట్టు కూర్చుంది. ప్లగ్గు కొన మరీ లోపలికి పోకూడదు, మరీ పైన ఉండకూడదు. మైనం ముద్ద పెట్టి లోతు కొలిచాను. నొక్కుడు బటన్‌గా పాత టెంపో హారన్ బటన్ దొరికింది. ఉస్తాద్ ఇదంతా చూసి, “అచ్ఛా చేసినవ్ భాయ్” అన్నాడు. ఆయన నోట ఆ మాట ఏడాదికి ఒకసారి వచ్చేది, ఆ ఏడాది నాకు వచ్చింది.

బిగించిన రోజు పొద్దున వాడకట్టంతా మామ వాకిట్లో చేరింది. నేను సీటు మీద కూర్చుని మామకు విద్య అప్పజెప్పాను. “మామా, ఈ బటన్ నొక్కి పట్టుకోవాలె. ఇరవై లెక్కపెట్టాలె. ఇడిచిపెట్టి సెల్ఫ్ కొట్టాలె. ఇరవై కంటె ఎక్కువ పట్టుకుంటే లోపల తీగ మాడిపోతది, యాది పెట్టుకో.” నేను ఇరవై లెక్కపెట్టి సెల్ఫ్ కొట్టాను. బండి ఒకసారి దగ్గి, రెండోసారి గొంతు సవరించుకుని, డబడబమని లేచింది. జనం ఈలలు వేశారు. అత్తమ్మ ఇంట్లో ఉన్న బీడీ కట్టలన్నీ తెచ్చి నీళ్లపొయ్యిలో వేసింది. ఆ పొగ కూడా మామ వైపే వెళ్లడం, ఆయన కళ్లు మూసుకుని గాలి పీల్చడం నేను చూశాను గానీ అప్పుడు నవ్వుకున్నాను. సాయంత్రం బస్సులో వరంగల్ వస్తూ, ఇక నా పేరు జిల్లా అంతా మోగుతుందని నిశ్చయించుకున్నాను.

మూడో రోజు షాపుకు ఫోన్ వచ్చింది. ప్లగ్గులు మాడిపోయాయి. పరుగున వెళ్లి విప్పి చూస్తే రెండు కొనల్లోనూ తీగ కరిగి గుండు కట్టింది. మామ పక్కనే నిలబడి చాలా బాధగా, “పాపం, మంచిగనే ఉండె అల్లుడా” అన్నాడు. ఆ బాధలో వేళ్ల మధ్య బీడీ ఉంది. ఒట్టు ప్రకారం వారం నిండలేదు కదా! నేను దుకాణదారు నాసిరకం సరుకు అంటగట్టాడని తిట్టుకుంటూ కొత్త జత పెట్టాను. అవి రెండు రోజులున్నాయి. బ్యాటరీ చూశాను, డైనమో చూశాను, వైర్లన్నీ మార్చాను. మూడో జత ఒక్క పూటే ఉంది. ఊళ్లో నన్ను చూస్తే జనం ఈలలు వేయడం మానలేదు గానీ, ఈలల అర్థం మారింది. ఉస్తాద్‌కు మాడిన ప్లగ్గులు చూపించి నా సిద్ధాంతాలన్నీ వినిపించాను. ఆయన ఓపిగ్గా విని, “ప్లగ్గుది కసూర్ కాదు భాయ్. తప్పు బటన్ మీద ఉన్న వేలుది. పోయి వేలు చూడు” అన్నాడు.

నాలుగో జత బిగించిన మర్నాడు పొద్దున, మామకు కనబడకుండా గడ్డివాము వెనక నిలబడ్డాను. మంచు కురుస్తోంది. మామ తలకు తువ్వాల చుట్టుకుని సీటెక్కాడు, బండికి దండం పెట్టాడు, బటన్ మీద బొటనవేలు పెట్టాడు. తర్వాత గొంతెత్తి మొదలుపెట్టాడు. “లాభం... లాభం... లాభం... లాభం... రెండు... రెండు... రెండు... రెండు... మూడు...”

అది కల్లంలో వడ్లు కొలిచే లెక్క. మీరూ వినే ఉంటారు. మొదటి కుంచానికి ‘ఒకటి’ అనరు, ‘లాభం’ అంటారు. కుంచం నిండి, గోనెలో కుమ్మరించి, మళ్లీ వంగేదాకా లెక్క తప్పకుండా ఆ అంకెనే పాడుతూ ఉంటారు. మామ ఒక్కో అంకెకు ఒక కుంచం వడ్లు కొలుస్తున్నాడు! ఆరు దాటాక ‘ఏడు’ అనకుండా, ఏడుపు పేరు ఎత్తకూడదు కనుక, “ఆరున్నొక్కటి... ఆరున్నొక్కటి...” అంటుండగా ఇంజన్ తల దగ్గర సన్నగా పొగ లేచింది. నేను గడ్డివాము వెనక నుంచి అరుస్తూ పరుగెత్తాను.

“మామా, అదేం లెక్క?”

“ఇరవై లెక్కపెట్టుమంటివి గద. పెడ్తాన్న.”

“ఇది వడ్లు కొలుసుడు కాదు మామా! ఒకటి, రెండు, మూడు అని చకచక అనాలె.”

“పొద్దుపొద్దున మొదలు మాట ‘ఒకటి’ అంటరా ఎవలన్న? లాభం అనకుంటే అచ్చిరాదు.”

“సరే, లాభమనే అను. ఒక్కసారే అను.”

“ఒక్కసారంటే కొలత తప్పుతది. మా నాయిన నేర్పిన లెక్క. నీ ప్లగ్గు కోసం మారుస్తనా?”

మధ్యాహ్నం దాకా వాదించాను. గడియారం చూపించాను, చప్పట్లు కొట్టి తాళం వేసి చూపించాను, చివరికి చిన్నబడి పిల్లల్లా చేతులు కట్టుకుని ఒకటి నుంచి ఇరవై దాకా అప్పజెప్పాను. మామ తల ఊపాడు. నా దగ్గరున్న ఆఖరి జత, ఐదోది, బిగించాను. “ఇప్పుడు పెట్టు మామా” అన్నాను. ఆయన బటన్ నొక్కి, కళ్లు మూసుకుని, “లాభం... లాభం...” అని అందుకున్నాడు. నేను ఆయన వేలు లాగేసి, ఆ ఒక్క జత అయినా మాడకుండా కాపాడుకున్నాను.

ఇంకేం మిగిలింది? స్పానర్లు, పనిముట్లు ఉండే నా పానల పెట్టె తెచ్చి అత్తమ్మ ముందు వంటింటి గడప దగ్గర దించాను. పెట్టె దించిన చప్పుడు నాకే పెద్దగా వినిపించింది. “నాతోని కాదు అత్తమ్మా. ఒక మనిషికి ఇరవై లెక్కపెట్టుడు నేర్పలేనోణ్ని మెకానిక్ ఏమైత? ఇంటికాడ బాపు ఎప్పటి నుంచో చెప్తాండు, వరంగల్ల మిర్చి దుకాణంల గుమాస్తా పనుందట. ఎల్లుండి పోయి కూసుంట. ఈ పెట్టె మీరే పాత ఇనుముకు వేసుకోండ్రి.” ఆ మాటలు అంటున్నప్పుడు గొంతు వణికిందని ఒప్పుకోవడానికి నాకిప్పుడు సిగ్గు లేదు. అప్పుడు చాలా ఉండేది, అందుకని దొడ్డి వైపు తిరిగి అన్నాను. అత్తమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. “నువ్వు పోతే పో బిడ్డా. ఆయన ఊపిరి ఎవలు సూడాలె?” అని మాత్రం అంది.

మర్నాడు పొద్దున ఏడింటి బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను. ఊళ్లో నుంచి ఒక చప్పుడు వినిపించింది. ఒక దగ్గు, ఒక గొంతు సవరింపు, తర్వాత డబడబ. ఆ చప్పుడును నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. కాసేపటికి మామ ట్రాక్టర్ మీద వచ్చి నా ముందు ఆగాడు. మడ్‌గార్డు మీద నా పానల పెట్టె ఉంది.

“పెట్టె మర్సిపోయినవ్ అల్లుడా.”

“బండి ఎట్ల లేసింది మామా?”

“ఎట్ల లేస్తది? నువ్వు చెప్పినట్టే. ఒకటి, రెండు, మూడు. ఏడు కూడ అన్న, ఏం గాలే.”

నేను ఎగిరి మడ్‌గార్డు మీద కూర్చున్నాను. మామ నన్ను మరిపెడ బస్టాండు దాకా దింపాడు. దారి పొడుగునా నేనే మాట్లాడాను. బండి వారం లేచింది, నెల లేచింది, మామ ఒట్టు నిలబెట్టుకున్నాడు. మిర్చి దుకాణం ఇంకో గుమాస్తాను వెతుక్కుంది. నేను మెకానిక్‌నయ్యాను, తర్వాత వరంగల్‌లోనే ఒక శిక్షణ సంస్థలో పిల్లలకు ట్రాక్టర్ పని నేర్పే మాస్టర్‌నయ్యాను. ప్రతి కొత్త బ్యాచ్‌కూ మొదటి రోజు ఈ కథే చెబుతాను. కుంచం అభినయిస్తాను, లాభం పాట పాడతాను, పిల్లలు పొట్ట పట్టుకుంటారు. అప్పుడు గొంతు తగ్గించి నీతి చెబుతాను. ‘ఇంజన్ రిపేరు ఎవడైనా చేస్తాడు. నడిపేవాడి బుర్రలో ఏముందో కనిపెట్టినవాడే మెకానిక్.’ ఈ నీతి ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో నాకే తెలియదు.

మొన్నీమధ్య కంటి పరీక్ష కోసం మామ, అత్తమ్మ హన్మకొండ సుబేదారిలోని మా ఇంటికి వచ్చారు. మామకు ఎనభై దాటాయి. మేడమెట్లు ఆగకుండా ఎక్కి, సగంలో ఆగి ఆయాసపడుతున్న నన్ను చూసి, “ఏందల్లుడా, ప్లగ్గులు గిట్ల మార్చాల్నా?” అన్నాడు. భోజనాల దగ్గర మా అమ్మాయి కోసం నేను ఆ కథ మళ్లీ ఎత్తుకున్నాను. నా అభినయానికి అందరికంటే ఎక్కువ నవ్వింది మామే. నవ్వి, కళ్లు తుడుచుకుని, పెరుగన్నం కలుపుతూ అన్నాడు.

“వడ్ల లెక్క వేరే, బండి లెక్క వేరే అని నాకు తెల్వదనుకున్నవా ఇన్నేండ్లు?”

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. “మరి ఎందుకట్ల చేసినవ్ మామా?”

“ఎక్కువసేపు పడితే మాడుతదని నువ్వే చెప్తివి గద. బీడీ ఇడువబుద్ధి కాలే. నా ఊపిరి పోతదంటె కూడ నాకు ఫికర్ అనిపియ్యలే. గడప కాడ నువ్వు పానల పెట్టె దించినవ్ సూడు, నేను దొడ్లెనే ఉన్న. ఆ సప్పుడు విన్నంక ఇంక బీడీ తాగబుద్ధి కాలే.”

అత్తమ్మ మజ్జిగ వంచుతూ, తన పాటికి తాను, “బీడీ ఇడిచిన ఆ వారం మా ఇంట్ల రెండు గిన్నెలు సొట్టలు పోయినయ్. ఈయనకు ఒక్కటే వణుకుడు, ఒక్కటే కోపం. బర్రెను కూడ తిట్టేటోడు” అంది. మామ ఆమె వైపు చూసి, ఇంకొంచెం పెరుగు వేయమన్నాడు. ఆ సంగతి అంతటితో అయిపోయినట్టు కంటి డాక్టర్ మాటల్లో పడ్డారు ఇద్దరూ.

వచ్చే బ్యాచ్‌కు ఈ కథ ఎలా చెప్పాలో నాకింకా తోచలేదు. నీతి అయితే అదే, దాన్ని చెప్పే అర్హతే కాస్త తగ్గింది. ఆ పొద్దున మరిపెడ దారిలో పానల పెట్టె ఒళ్లో పెట్టుకుని, మామకు లెక్కలు నేర్పానని పొంగిపోతూ కూర్చున్న ఆ ఇరవై ఏళ్ల పెద్దమనిషిని తలచుకుంటే నవ్వొస్తుంది. స్టీరింగ్ మీద మామ చేతులు దారి పొడుగునా వణుకుతూనే ఉన్నాయి. అది నేను చూడకపోలేదు, చూశాను. చూసి, ‘స్టీరింగ్ బాగా అదురుతాంది మామా, ఈసారి వచ్చినప్పుడు బోల్టులు బిగిస్త’ అని ధైర్యం చెప్పాను. ఆయన సరేనని తలూపాడు.